టైరు వాల్వు: చిన్న భాగం, పెద్ద బాధ్యత
మోటారుసైకిలు వాల్వును ఇంట్లో మార్చుకునే పద్ధతి

మీ మోటారుసైకిలు టైరు చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే మీలో చాలామంది వెంటనే జవాబు చెబుతారు. టైరుకి డబ్బు బాగానే పెడతాం కనుక గుర్తుంటుంది. అదే రోజున టైరు వాల్వు కూడా మార్చారా అని అడిగితే మాత్రం ఎక్కువమంది ఆలోచనలో పడతారు. కొత్త టైరు ఎక్కింది, పాత వాల్వు మాత్రం రిమ్ములో అలాగే ఉండిపోయింది. ఒక టైరు అరిగింది, రెండోదీ అరిగింది, మూడోది ఎక్కింది. వాల్వు మాత్రం బండి కొన్ననాటిదే. ఈ పాఠంలో మనం మాట్లాడుకోబోయేది ఆ వాల్వు గురించి. అది ఎందుకు పాడవుతుంది, పాడైందని ముందుగా ఎలా తెలుసుకోవాలి, ఇంట్లో ఎలా మార్చుకోవాలి అన్నవి వరసగా చూద్దాం. ఎంతవరకు మన పని, ఎక్కడ ఆగి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాలి అన్నది కూడా చెప్పుకుందాం.

వాల్వులో ఏముంది?

గాలి నింపిన టైరును 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ పేటెంటు చేశాడు. టైరులోకి గాలి వెళ్ళాలి గానీ తిరిగి బయటికి రాకూడదు. దీనికి రకరకాల ఏర్పాట్లు వచ్చాయి. మన పాత సైకిళ్ళ వాల్వుల్లో ఒక సన్నని రబ్బరు గొట్టం ఉండేది గుర్తుందా? అది అలాంటి ఏర్పాటే. ఈనాడు మోటారుసైకిళ్ళకీ కార్లకీ వాడే వాల్వు 1890ల మొదట్లో వచ్చింది. న్యూయార్కులో స్థిరపడిన జర్మన్ వలసదారు ఆగస్ట్ ష్రేడర్ పేరుతో దాన్ని ష్రేడర్ వాల్వు అంటారు.

ఇందులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది బయటికి కనబడే గొట్టం. రెండోది గొట్టం లోపల మరబిగించి ఉండే చిన్న పిన్ను. దీనికి సన్నని స్ప్రింగు ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు పిన్ను లోపలికి నొక్కుకుపోయి దారి ఇస్తుంది, గొట్టం తీయగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టి దారి మూసేస్తుంది. మూడోది పైన మూత. మూత అలంకారం కోసం కాదు. దుమ్ము, నీరు పిన్ను మీద చేరకుండా కాపాడుతుంది, పిన్ను దగ్గర కొద్దిగా గాలి జారినా ఆపే రెండో తలుపుగా పనిచేస్తుంది.

ట్యూబ్‌లెస్ టైరు ఉన్న బండిలో ఈ గొట్టం రిమ్ముకే అమరి ఉంటుంది. చాలా బళ్ళలో అది ఇత్తడి గొట్టం చుట్టూ రబ్బరు పోసి చేసినది. రిమ్ములోని బెజ్జంలో రబ్బరు బిగువు మీదే నిలబడుతుంది. నట్టు ఉండదు, బోల్టు ఉండదు. ట్యూబు ఉన్న టైరులో అయితే వాల్వు ట్యూబుకే అతికి వస్తుంది. అక్కడ పిన్ను మార్చవచ్చు గానీ గొట్టం ఒక్కదాన్నే మార్చడం కుదరదు, ట్యూబే మార్చాలి. మీది ఏ రకమో తెలియకపోతే టైరు పక్క భాగం చూడండి. ట్యూబ్‌లెస్ అనో ట్యూబ్ టైప్ అనో ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది.

రబ్బరు ఎందుకు ఓడిపోతుంది?

రబ్బరుకి శత్రువులు ఎక్కువ. ఎండ, వేడి, గాలిలోని ఓజోను కలిసి దాన్ని మెల్లగా గట్టిపరుస్తాయి. గట్టిపడిన రబ్బరు వంగినచోట పగులుతుంది. మన ఎండల్లో రోజంతా ఆరుబయట నిలబెట్టే బండికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. తయారీలో లోపం ఉంటే కొత్త వాల్వు కూడా ఆగదు. 2008లో అమెరికాలో ఒక రకం రబ్బరు వాల్వులు పగులుతున్నాయని తేలి వాటిని లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు.

రెండో కారణం వంపు. గాలి కొట్టే ప్రతిసారీ వాల్వును పక్కకి లాగుతాం. రిమ్ము, డిస్కు అడ్డం వస్తే ఇంకా గట్టిగా వంచుతాం. వంగేది వాల్వు కొన దగ్గర కాదు, మొదలు దగ్గర. పగుళ్ళు మొదలయ్యేది కూడా అక్కడే.

మూడో కారణం కంటికి కనబడదు. అది వేగం. ఒక చిన్న లెక్క వేద్దాం. బండి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. టైరు సగం ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వాల్వు ఇరుసు నుంచి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అప్పుడు చక్రం తిరుగుడు వల్ల వాల్వు మీద పడే బలం దాని సొంత బరువుకి 100 రెట్లు దాటుతుంది. అంటే 10 గ్రాముల వస్తువు కిలో బరువుతో లాగినట్టు లెక్క. ఇప్పుడు కొందరు వాల్వులకి తగిలించే లైటు మూతల గురించి, బరువైన లోహపు మూతల గురించి, గాలి చూపించే సెన్సారు మూతల గురించి ఆలోచించండి. చేతిలో అవి తేలికే. వేగంలో మాత్రం ప్రతి 10 గ్రాములకీ కిలోకి పైగా బలం ఆ రబ్బరు మొదలు మీద పడుతుంది. అలాంటి సెన్సారు కావాలంటే ముందు లోహపు వాల్వు వేయించుకోవాలి. రబ్బరు వాల్వుకి మామూలు ప్లాస్టిక్ మూతే మేలు.

టైరులో మేకు దిగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి సాధారణంగా మెల్లగా పోతుంది. మనకి ఆగే సమయం దొరుకుతుంది. వాల్వు మొదలు చీలితే అలా కాదు. వేలు దూరేంత బెజ్జం ఒక్కసారిగా తెరుచుకుంటుంది, క్షణాల్లో టైరు ఖాళీ అవుతుంది. కారుకి ఇంకా మూడు చక్రాలు ఉంటాయి. మోటారుసైకిలుకి, అదీ ముందు చక్రానికి జరిగితే, వెనక కూర్చున్నవారిని కూడా కలుపుకొని ఆలోచించాలి. అందుకే ఇంత చిన్న భాగం గురించి ఇంత చెప్పుకోవడం.

ముందుగా కనిపెట్టడం

దీనికి పనిముట్లు అక్కర్లేదు. సెంటర్ స్టాండు వేసి, చక్రం తిప్పి, వాల్వు చేతికందే చోట ఆపండి. మూత తీసి గొట్టాన్ని వేలితో మెల్లగా నాలుగు వైపులా వంచి మొదలు దగ్గర చూడండి. సన్నని గీతల్లాంటి పగుళ్ళు కనబడితే ఆ వాల్వు పని అయిపోయిందని అర్థం. రబ్బరు వంగకుండా చెక్కలా గట్టిగా తగిలినా అంతే.

తర్వాత సబ్బు నురగ. ఒక గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి గొట్టం నోటి మీద, మొదలు చుట్టూ రాయండి. నోటి దగ్గర బుడగలు వస్తే తప్పు పిన్నుది. పిన్ను కొంచెం బిగించినా, కొత్తది వేసినా సరిపోతుంది. మొదలు దగ్గర బుడగలు వస్తే గొట్టమే మార్చాలి. ఈ తేడా తెలిస్తే అనవసరంగా చక్రం విప్పే పని తప్పుతుంది.

వాల్వు వయసు తెలియకపోతే టైరు వయసు చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఆ టైరు వేసిన రోజున వాల్వు మార్చకపోతే వాల్వు అంతకన్నా పాతదే.

సరైన వాల్వు కొనడం

రబ్బరు వాల్వులకి నంబర్లు ఉంటాయి. టీఆర్ 412 పొట్టిది, 413 కొంచెం పొడుగు, 414 ఇంకా పొడుగు. మూడింటికీ రిమ్ములో కావలసిన బెజ్జం ఒకటే, సుమారు 11.5 మిల్లీమీటర్లు. కొన్ని మోటారుసైకిళ్ళ రిమ్ముల్లో బెజ్జం 8.3 మిల్లీమీటర్లే ఉంటుంది, వాటి వాల్వులు వేరు. కనుక అందాజుగా కొనకండి. మీ బండి మోడలు చెప్పి దానికి సరిపోయేదే అడగండి. పొడుగు వాల్వు పెడితే గాలి కొట్టడం సులువు కదా అనిపించవచ్చు. పొడుగు పెరిగేకొద్దీ వంపూ బరువూ పెరుగుతాయి. ముందున్న పొడుగే మంచిది. కొనేటప్పుడు రబ్బరును వంచి చూడండి. అంగట్లో ఏళ్ళ తరబడి మూలపడి గట్టిపడినదైతే వద్దనండి.

కావలసిన వస్తువులు

యాక్సిలు నట్టుకి సరిపోయే పానాలు, వాల్వు పిన్ను విప్పే పనిముట్టు, వాల్వును లాగి కూర్చోబెట్టే పుల్లరు, రెండు మూడు టైరు లివర్లు, వడ్రంగులు వాడే పెద్ద సి-క్లాంపు, చెక్కముక్కలు, సబ్బునీళ్ళు, పదునైన కత్తి, సన్న గరుకు కాగితం, గాలి గేజి. మీ బండితో వచ్చిన పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి. ఇంజను ఆయిలు, గ్రీజు, కిరసనాయిలు మాత్రం రబ్బరు దగ్గరికి రానివ్వకండి. అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. జారుడుకి సబ్బునీళ్ళు చాలు.

మొదటిసారి చేసేవారు ముందు చక్రంతో మొదలుపెడితే మేలు. చైను బెడద ఉండదు.

చక్రం విప్పడం

బండి గట్టి నేల మీద సెంటర్ స్టాండు మీద ఉండాలి. సెంటర్ స్టాండు లేని బండిని ఇటుకలు పేర్చి నిలబెట్టకండి. దానికి తగిన స్టాండు లేకపోతే ఈ పని ఇంట్లో వద్దు. సైలెన్సరు చల్లారాక మొదలుపెట్టండి. విప్పే ముందు ఇరువైపులా ఫోటోలు తీసుకోండి. ఏ బుష్షు ఎటువైపు ఉంది, ఏ వాషరు ఎక్కడుంది అన్న సందేహం బిగించేటప్పుడే వస్తుంది. తీసిన వస్తువులను తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చండి.

డిస్కు బ్రేకు ఉంటే చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు లివరు నొక్కకూడదు. నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెట్టండి. డ్రమ్ము బ్రేకు ఉన్న వెనక చక్రానికి బ్రేకు రాడ్డుతో పాటు, బ్రేకు ప్లేటును తిరగకుండా పట్టుకునే పట్టీ కూడా ఉంటుంది. దాని బోల్టు, చీలపిన్ను ఎక్కడివో గుర్తుపెట్టుకోండి.

వాల్వు మార్చడం

పిన్ను విప్పి గాలి మొత్తం పోనివ్వండి. పిన్ను ఎగిరి రావచ్చు, ముఖం పక్కకి పెట్టుకోండి. చక్రాన్ని పాత టైరు మీద గానీ మెత్తటి గోనె మీద గానీ డిస్కు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. డిస్కు మీద బరువు పడితే వంకర పోతుంది.

టైరు అంచు రిమ్ముకి గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ అంచునే బీడు అంటారు. దానికి సబ్బునీళ్ళు పోసి, టైరుకి ఇరువైపులా చెక్కలు పెట్టి సి-క్లాంపుతో బిగిస్తూ పోతే అంచు ఊడుతుంది. కొంచెం కొంచెంగా చుట్టూ చేయాలి. సుత్తితో రిమ్ము దగ్గర కొట్టడం వద్దు, అల్లాయి రిమ్ము పగలవచ్చు.

ఇప్పుడు ఒక కీలకమైన విషయం. రిమ్ము మధ్యలో చుట్టూ పల్లం ఉంటుంది. టైరు అంచు ఒకవైపు ఆ పల్లంలోకి దిగితేనే రెండోవైపు బయటికి రావడానికి చోటు దొరుకుతుంది. వాల్వు దగ్గర లివరు పెట్టండి. దానికి సరిగ్గా ఎదుటివైపు టైరును మోకాలితో నొక్కి పల్లంలోకి దింపండి. తర్వాత అయిదారు సెంటీమీటర్ల చొప్పున లేపుతూ పోండి. బాగా బలం పెట్టవలసి వస్తోందంటే ఎదుటివైపు అంచు పల్లంలో లేదన్నమాట. బలం పెంచకండి, మోకాలు సరిచేయండి. లివరు కింద పాత ట్యూబు ముక్క పెడితే రిమ్ముకి గీతలు పడవు. ఒక అంచు బయటికి వస్తే చాలు, టైరు మొత్తం తీయనక్కర్లేదు.

పాత వాల్వును లోపలివైపు నుంచి కత్తితో కోసి, బయటి భాగాన్ని లాగేయండి. బెజ్జాన్ని గుడ్డతో తుడిచి చూడండి. తెల్లటి పొడి, తుప్పు ఉంటే గరుకు కాగితంతో మెల్లగా పోగొట్టండి. అంచు వేలికి పదునుగా తగిలితే అది కూడా నునుపు చేయాలి. లేకపోతే కొత్త రబ్బరును అదే కోస్తుంది. తర్వాత కొత్త వాల్వుకి సబ్బునీళ్ళు రాసి, లోపలి నుంచి బెజ్జంలో దూర్చి, బయట కొనకి పుల్లరు బిగించి నిటారుగా లాగండి. రబ్బరు గాడి బెజ్జంలో కూర్చున్నప్పుడు చేతికి తెలుస్తుంది. చుట్టూ సమానంగా కూర్చుందో లేదో లోపలా బయటా చూడండి. ఒకవైపు ఒరిగి ఉంటే లాగేసి ఇంకొకటి వేయండి. అందుకే రెండు వాల్వులు కొనడం మంచిది.

లోహపు వాల్వు అయితే నట్టు ఉంటుంది. దాని రబ్బరు వాషరు రిమ్ముకి చక్కగా ఆనేవరకు, తయారీదారు చెప్పినంతే బిగించాలి. ఎక్కువ బిగిస్తే వాషరు నలిగి అక్కడే గాలి పోతుంది.

టైరు తిరిగి ఎక్కించేటప్పుడు వాల్వుకి ఎదుటివైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిక్కుతో సరిపోవాలి. పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వుకి ఎదురుగా కాకుండా వాల్వు పక్కనే ఉంచండి. అది టైరులో తేలికైన చోటు.

గాలి నింపడం

ఇంట్లో చేసేవారు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ట్యూబ్‌లెస్ టైరు అంచులు రిమ్ముకి ఆనాలంటే గాలి ఒక్కసారిగా ఎక్కువగా రావాలి. కాలి పంపుతో అది కష్టం. పిన్ను వేయకుండా, అంచులకి సబ్బునీళ్ళు రాసి, టైరు చుట్టూ పట్టీ బిగించి ప్రయత్నించవచ్చు. కుదరకపోతే చక్రాన్ని పంక్చరు షాపుకి తీసుకెళ్ళి గాలి పట్టించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. టైరు లోపల పెట్రోలు చల్లి నిప్పంటించి అంచులు ఎక్కించే పద్ధతిని మాత్రం ఎవరు చూపించినా చేయకండి. కళ్ళు, చేతులు పోగొట్టుకునే పని అది.

అంచులు టప్పుమని శబ్దం చేస్తూ కూర్చుంటాయి. ఆ సమయంలో వేళ్ళు రిమ్ముకి దూరంగా ఉండాలి. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి దాటి గాలి పట్టకూడదు. రిమ్ము అంచు వెంబడి టైరు మీద ఒక సన్నని గీత ఉంటుంది. అది చుట్టూ ఒకే దూరంలో కనబడితే అంచు సరిగ్గా కూర్చున్నట్టు. ఎక్కడైనా లోపలికి దిగి ఉంటే గాలి తీసి మళ్ళీ చేయండి.

తర్వాత పిన్ను వేయండి. పిన్నుకి వేళ్ళ బలం చాలు, ఎక్కువ బిగిస్తే దాని రబ్బరు తెగుతుంది. బండి పుస్తకంలో చెప్పినంత గాలి పట్టి, మళ్ళీ సబ్బునీళ్ళతో మొదలు, నోరు, టైరు అంచులు పరీక్షించండి. గాలి కొలత టైరు చల్లగా ఉన్నప్పుడే తీసుకోవాలి. 25 పీఎస్ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.3 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో కొలిచి గాలి ఎక్కువుందని తీసేస్తే తెల్లవారేసరికి తక్కువవుతుంది.

చక్రం బిగించడం

ఫోటోలు చూసుకుంటూ బుష్షులు, వాషర్లు వాటి చోట్ల పెట్టండి. ముందు డ్రమ్ము బ్రేకు అయితే ప్లేటు మీది గాడి ఫోర్కు మీది దిమ్మెలో కూర్చోవాలి. వెనక అయితే బ్రేకు ప్లేటు పట్టీ బోల్టు, చీలపిన్ను తప్పనిసరి. అది మరిచిపోతే బ్రేకు వేసినప్పుడు ప్లేటే తిరిగిపోతుంది. చైను సడలింపు, రెండువైపులా గుర్తులు సమానంగా ఉన్నాయా చూడండి. యాక్సిలు నట్టును పుస్తకంలో రాసిన టార్కుకి బిగించాలి. టార్కు పానా లేకపోతే బిగించిన బండిని నెమ్మదిగా దగ్గరి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి సరిచూపించుకోండి. బండి కదిలించే ముందు బ్రేకు లివరును నాలుగైదుసార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూడటం మరవద్దు. డిస్కు బ్రేకు మొదటి నొక్కుకి పట్టదు.

మొదట వీధిలోనే నెమ్మదిగా నడిపి ఆగి చూడండి. మర్నాడు పొద్దున మళ్ళీ గాలి కొలవండి. తగ్గకపోతే పని పూర్తయినట్టే.

ట్యూబు టైరు ఉన్నవారికి ఒక మాట

గాలి తక్కువగా ఉన్న ట్యూబు టైరు రిమ్ము మీద కొంచెం కొంచెంగా జరుగుతుంది. దాంతో ట్యూబు కూడా జరిగి వాల్వు ఒకవైపు వాలుతుంది. వాల్వు వాలి ఉందంటే ట్యూబు లాగుడు పడుతోందని గుర్తు. ఆలస్యం చేస్తే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. గాలి తీసి టైరును సరిచేయించండి. రిమ్ము మీద ఉండే నట్టును గట్టిగా బిగించకుండా వదులుగా ఉంచితే ఈ వాలుడు కంటికి తెలుస్తుంది.

ఎంతవరకు మన పని?

ఈ పాఠం చదివిన ప్రతివారూ చక్రం విప్పాలని లేదు. సరైన స్టాండు, పానాలు, ఓపిక ఉన్నవారు చేసుకోవచ్చు. లేనివారు షాపులోనే చేయించుకోవచ్చు. అయితే తెలిసి చేయించుకోవడానికి, తెలియక చేయించుకోవడానికి తేడా ఉంది. ఈసారి టైరు మార్చేటప్పుడు పక్కన నిలబడి, "వాల్వు కూడా కొత్తది వేయండి" అని అడగండి. టైరు విప్పి ఉన్నప్పుడు అది నిమిషాల పని. ఖర్చు టైరు ధరలో చాలా చిన్న భాగం. వేశాక సబ్బునీళ్ళు రాసి చూపించమనండి.

ఇక మీ వంతు. రేపు పొద్దున బండి తీసేముందు రెండు చక్రాల వాల్వులూ వేలితో వంచి చూడండి. మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలు, రాత్రి డ్యూటీకి వెళ్ళేవారు ఎవరైనా ఉంటే వాళ్ళ బండి కూడా చూడండి. పగులు కనబడితే ఆ రోజు ఆ బండిని రోడ్డెక్కించకండి. వాల్వు మార్చాకే తీయండి. సెలవు.